ప్రేమానందం గారి క్వారీ బండి

ఆ మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకి నందిగామ గాంధీ సెంటర్లో, ప్రేమానందం నడుపుతున్న బండి కుడివైపు తలుపు ఊడి రోడ్డు మీద పడింది. ఆయన బండిని పక్కకి తీసి ఆపాడు. దిగాడు. తలుపుని రెండు చేతులా ఎత్తి, దుమ్ము దులిపి, వెనక ట్రాలీలో పడుకోబెట్టాడు. అద్దం పగల్లేదని చూసి తృప్తిపడ్డాడు. తిరిగొచ్చి సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ చెయ్యి బయటికి చాచి తలుపు వేసుకోబోయాడు. అందలేదు. ఇంకాస్త వంగాడు. ఆ వంగడంలో కింద పడేవాడే గానీ, పక్క సీట్లో ఉన్న భార్య ఆరోగ్యమ్మ చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

"ఏంటండీ వెతుకుతున్నారు?"

"తలుపు."

"అది వెనక పడుకుంది. పోనీండి."

పోనిచ్చాడు. పూలకొట్టు ముందు నిలబడ్డ నలుగురూ, జామకాయల బండివాడూ, ట్రాఫిక్ కానిస్టేబులూ ఈ తతంగమంతా కళ్లారా చూశారు. ప్రేమానందం మాత్రం, తలుపు లేకుండా తిరగడం తన పద్ధతే అన్నట్టు మోచెయ్యి బయటపెట్టుకుని, హుందాగా హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తలుపు మడతబందులకి బోల్టులు పెట్టింది ఆయనే. నట్లు మాత్రం ఇంటికెళ్లి చొక్కా విప్పాక జేబులో దొరికాయి.

ఇలాంటి మనిషి మెకానిక్కేంటని అనుకోకండి. పెద్ద పనిలో ఆయన చెయ్యి తిరుగులేనిది. చిన్న సంగతుల దగ్గరే మనసు ముందుకెళ్లిపోయి, చెయ్యి వెనకబడుతుంది.

ప్రేమానందానికి యాభై ఆరేళ్లు. ఐటీఐలో ఫిట్టర్ చదివి, జగ్గయ్యపేట అవతల ఒక సున్నపురాయి క్వారీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. పెద్ద పెద్ద డంపర్లకి వేరే మెకానిక్కులు, వేరే హోదా. ఈయన చేతికి వచ్చింది ఒక చిన్న ఫోర్‌వీల్ పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక ట్రాలీ. మామూలు బండికి వెనక రెండు చక్రాలే లాగితే, దీనికి అవసరమైనప్పుడు ముందు చక్రాలు కూడా లాగుతాయి. మంచినీళ్ల క్యాన్లు, కూలీల క్యారేజీలు, అరిగిన బేరింగులు, కాలు బెణికిన మనుషులు, అన్నీ అందులోనే గుంటలోకి దిగి పైకి ఎక్కేవి. వానాకాలంలో పెద్ద బండ్లు దిగకుండా మొరాయిస్తే ఇది దిగేది.

"నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ బండి ఒక్కపూట ఆగలా" అని ఆయన పదిమందికీ చెప్పేవాడు. అది నిజం. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషే గానీ అబద్ధాలు చెప్పే మనిషి కాదు. ఆ రెండింటికీ ఉన్న తేడా మాత్రం ఆరోగ్యమ్మకి ఒక్కదానికే తెలుసు.

క్వారీ మూతపడింది. ప్రేమానందం నందిగామలో బైపాస్ పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఆటోలూ ట్రాక్టర్లూ బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. మూడేళ్ల తరవాత ఒకరోజు బస్సులో జగ్గయ్యపేట వెళ్తుంటే, పాత ఇనుము కొట్టు గోడ పక్కన, కాటా ఎప్పుడెక్కిస్తారా అని ఎదురు చూస్తున్నట్టు ఆ బండి కనిపించింది. టైర్లు లేవు. హెడ్‌లైటు ఒకటే ఉంది. ఆ ఒంటికన్నుతో తననే చూసిందని ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. "ఆపండి, ఆపండి!" అని ఆయన పెట్టిన కేకకి, ఎవరో చక్రం కింద పడ్డారనుకుని డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. ముందు సీట్లో ముసలాయన చేతిలో టీ ఆయన పంచె మీదే ఒలికింది. ప్రేమానందం అప్పటికే దిగిపోయాడు.

ఇనుము ధరకే బేరం కుదిరింది. కానీ ఆ ధర కూడా ఆయన దగ్గర లేదు. వంటింట్లో టైల్స్ వేయించుకుందామని ఆరోగ్యమ్మ జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బు ఉంది. ఆవిడ ఆ డబ్బు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు.

"ఈ వానాకాలం వెళ్లేలోపు అది బువ్వ పెట్టాలి. పెట్టకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆ గోడ పక్కనే మీ చేత్తో పెట్టి రావాలి. సరేనా?"

"సరే" అన్నాడు ప్రేమానందం. ఆ మాట అన్నాక మూడు రాత్రులు ఆయనకి నిద్ర పట్టలేదు.

పని మొదలైంది. బండి అడుగున ఛాసిస్ అంతా సున్నపురాయి దుమ్ము, వాననీళ్లు తాగి తాగి సిమెంటులా గట్టిపడి ఉంది. పదకొండు రోజులు ఉలీ సుత్తీ పట్టుకుని చెక్కితే మూడు బస్తాల పొడి రాలింది. తెల్లగా ఉందని ఎదురింటివాళ్లు ముగ్గుకి పట్టుకెళ్లారు. అందులో గ్రీజు కలిసిందన్న సంగతి, అరుగు కడిగినా ముగ్గు పోనప్పుడు తెలిసింది వాళ్లకి. డీజిల్ ట్యాంకు లోపలంతా తుప్పు. దాన్ని కడిగించడానికి డబ్బు పెట్టడం దేనికని, లోపల గుప్పెడు కంకర, కాస్త కిరసనాయిలు పోసి మూత బిగించి, రోజూ వీరులపాడు వెళ్లొచ్చే ఒక ట్రాక్టరు ట్రక్కులో కట్టేశాడు. మూడు రోజుల గతుకులకి ట్యాంకు లోపల అద్దంలా అయింది. ఆ దారి గతుకులకి మనసారా దండం పెట్టిన మనిషి ఈ ప్రాంతం మొత్తమ్మీద ఆయనొక్కడే.

ట్రాలీకి తుమ్మ చెక్కలు కొట్టించాడు. పాత స్కూలు బస్సు సీటు తెచ్చాడు. దానికి ఆరోగ్యమ్మే రెక్సిన్ ముక్కలతో గలీబు కుట్టింది. కుడివైపు ఎరుపు, ఎడమవైపు పూలు. పూలవైపు తనదని ముందే చెప్పేసింది. ముందు చక్రాల నడిమధ్య ఉండే హబ్బులు అరిగిపోతే, విజయవాడ ఆటోనగర్లో వేరే పాత బండివి వెతికి పట్టుకొచ్చాడు. వాటి మధ్యలో చేత్తో తిప్పే గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. ఒకవైపు తిప్పితే ఇరుసుకీ చక్రానికీ లంకె పడి చక్రం లాగుతుంది. రెండోవైపు తిప్పితే లంకె ఊడి, తారురోడ్డు మీద చక్రం తేలిగ్గా దొర్లుతుంది, డీజిల్ కలిసొస్తుంది. షెడ్డులో జాకీ మీద లేపి, లంకె వేసి చూసుకున్నాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి. తరవాత డీజిల్ కలిసొస్తుందని లంకె తీసి ఉంచాడు.

చివర్న రంగు. అది డేవిడ్‌రాజు చూసుకున్నాడు. లారీల మీద, చర్చిల గోడల మీద అక్షరాలు రాసే మనిషి, ప్రేమానందాన్ని అన్నా అని పిలుస్తాడు. ముందు అద్దం పైన 'కృప' అని రాశాడు. ఆ తరవాత చెయ్యి ఆగక, ముందు చక్రాల మధ్యలో ఉన్న ఆ మూతల మీద చెరో పొద్దుతిరుగుడు పువ్వు వేశాడు. రెండు కోటింగులు.

"చక్రం తిరిగితే పువ్వు తిరుగుద్ది అన్నా! దీనికి డబ్బులొద్దు, నా ముచ్చట."

"బాగుంది తమ్ముడూ" అన్నాడు ప్రేమానందం. నిజంగానే బాగుంది.

ఫిట్‌నెస్ కాగితం చేతికొచ్చింది, తలుపు ముచ్చట అయింది, వానలు మొదలయ్యాయి. పని మాత్రం దొరకలేదు. అప్పుడు వీరులపాడు అవతల నల్లగుంటపాలెం నుంచి వరప్రసాదరావు కబురు పెట్టాడు. ఆయన ఆ ఊళ్లో పెద్ద రైతు, పాల కేంద్రం సెక్రటరీ. వానాకాలం వస్తే పాల వ్యాను తారురోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మైలున్నర నల్లరేగడి. ఆ మైలున్నరా ఆడవాళ్లు క్యాన్లు నెత్తిన పెట్టుకుని బురదలో నడవాలి. వ్యాను దగ్గరికి చేరేసరికి సగం రోజులు పాలు విరిగిపోతాయి.

"ఆదివారం పొద్దున రా. మా పాల కేంద్రం అరుగు దాకా బండి దానంతటది వచ్చిందా, ఒకటో తారీకు నుంచి రూటు నీది. ట్రాక్టరుతో లాగించుకున్నావో, టీ తాగించి పంపిస్తా" అన్నాడాయన ఫోన్లో.

శుక్రవారం, శనివారం తెరపి లేకుండా వాన. ఆదివారం తెల్లవారి బండి బయల్దేరింది. అటునుంచటే ప్రార్థనకి వెళ్లాలని ఆరోగ్యమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని పూలసీట్లో కూర్చుంది. తారురోడ్డు చివర వరప్రసాదరావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాల సగం ఊరుంది.

"ఏమయ్యా, తలుపులు గట్టిగా బిగించావా? నందిగామలో ఊడిందంటగా!"

"తలుపుల్తో పనేముందండీ రావుగారూ, చక్రాల్తోగదా పని" అన్నాడు ప్రేమానందం, గేరు మార్చి, ముందు చక్రాల లివరు లాగి, బురదలోకి దిగుతూ.

మొదటి అరమైలూ బండి పాములా మెలికలు తిరుగుతూ అయినా ముందుకే నడిచింది. ఆయన ఈల వేశాడు కూడా. ఆ తరవాత దారి పల్లంలోకి దిగే చోట వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఉన్నచోటే గొయ్యి తవ్వుకుని, ట్రాలీ అంచుదాకా కూర్చున్నాయి. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. బండి ఇంకాస్త దిగింది.

వెనకే నడిచి వచ్చిన జనం చుట్టూ మూగారు. నెత్తిన పాలక్యానుతో పున్నమ్మ అనే ముసలావిడ ముందుకొచ్చింది. ఆవిడకి మూడు గేదెలు, ఒక నోరు.

"ఇదేం ఫోర్‌వీలయ్యా? మా గేదె దిగినా ఇంతకంటే తొందరగా లేస్తది!"

అందరూ నవ్వారు. వరప్రసాదరావు నవ్వలేదు, అది ఇంకా బాధగా ఉంది. "ట్రాక్టరు తోలుకు రమ్మనండ్రా" అన్నాడు మెల్లిగా. "పాపం, కష్టపడ్డాడు."

ఆ 'పాపం' అన్న మాటకి ప్రేమానందం చెవులు ఎర్రబడ్డాయి. పద్దెనిమిదేళ్లలో ఆ బండికి ఎవరూ తాడు కట్టలేదు. ఇవాళ తాడు పడితే, రేపు అది ఇనుము కొట్టు గోడ పక్కన ఉంటుంది. తనే తోలుకెళ్లి పెట్టి రావాలి, మాటిచ్చాడు గనక. బుర్రలో గేరుబాక్సు మొత్తం విప్పి, చూసి, మళ్లీ బిగించేశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఈలోగా ఎడమ తలుపు తెరుచుకుంది. ఆరోగ్యమ్మ దిగింది. ఇదే సమయమని నాలుగూ అంటుందనుకున్నాడాయన. ఆవిడ వరప్రసాదరావు వైపు తిరిగింది.

"ఆగండి బాబుగారూ. ఆయనింకా చూస్తన్నారుగా. తాడుకి తొందరేముంది?"

తరవాత మొగుడితో, "నేనేం చూడాలో చెప్పండి" అంది.

ప్రేమానందం కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నేను తొక్కుతా. ముందు చక్రం వెనకాల కింద పొడుగాటి రాడ్డు ఉంటది. అది తిరుగుతుందో లేదో చూడు."

తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆవిడ ముందు చక్రం పక్కన వంగింది. ఆయన తొక్కాడు.

"రాడ్డు తిరుగుతుందండీ! గిర్రున తిరుగుతుంది!"

"చక్రం?"

"చక్రం కదలట్లా. డేవిడ్‌రాజు పువ్వు ఎట్టా ఉన్నది అట్టాగే ఉంది."

పువ్వు! ప్రేమానందం నుదురు స్టీరింగుకి ఆనించాడు. క్వారీ బండి హబ్బులకి తిప్పే మూతలు లేవు. లంకె ఎప్పుడూ పడే ఉండేది. పద్దెనిమిదేళ్లు లివరు లాగితే చాలు, ముందు చక్రాలు లాగేవి. ఆటోనగర్ హబ్బులు తెచ్చింది తనే, లంకె తీసింది తనే, మర్చిపోయిందీ తనే. ఇంతమంది ముందు ఈ సంగతి పైకి చెప్పడం కంటే బురదలో కూరుకుపోవడమే నయమనిపించింది.

దిగాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, డేవిడ్‌రాజు రెండు పూటలు కూర్చుని వేసిన పొద్దుతిరుగుడు పువ్వుని పరపరా గీకేశాడు.

"అదేంటి, పువ్వు చెక్కుతున్నాడు?" అంది పున్నమ్మ. "వాస్తు బాలేదంటావా?"

ప్రేమానందం గీకిన రంగుని బొటనవేలితో తుడిచేశాడు. రంగు పట్టేసిన మూతని కటింగ్ ప్లేయరుతో పట్టి బలంగా తిప్పాడు. లోపల టక్కున లంకె పడిన చప్పుడు ఆయన అరచేతికి తెలిసింది. అటువైపు వెళ్లి రెండో పువ్వునీ అలాగే చేశాడు. ఎక్కాడు. చక్రం ఎలా తిరుగుతుందో చూద్దామని ఆరోగ్యమ్మ ఉన్నచోటే నిలబడింది.

ఈసారి ఆయన గట్టిగా తొక్కలేదు. పసిపిల్లని లేపినట్టు మెల్లిగా తొక్కాడు. ముందు చక్రాలు ఒకసారి జారాయి, రెండోసారి పట్టాయి. నాలుగు చక్రాలూ కలిసి ఒక్క మూలుగు మూలిగి, బండి గోతిలోంచి లేచింది. పల్లం దిగింది. ఎదురు గట్టు ఎక్కింది. కుర్రకారు కేకలు పెడుతూ వెనక పరిగెత్తారు. వరప్రసాదరావు గొడుగు మూసేసి, తడుస్తూనే పెద్ద పెద్ద అంగలు వేశాడు. మైలున్నర రేగడీ దాటి, బండి దానంతటది పాల కేంద్రం అరుగు ముందు ఆగింది.

పున్నమ్మ రొప్పుతూ వచ్చి నెత్తిమీద క్యాను దించి, ఎవర్నీ అడక్కుండా ట్రాలీలో పెట్టింది. "నా క్యాను ముందు ఎక్కింది, అందరూ చూడండి" అంది.

"ఒకటో తారీకు. ఐదున్నరకల్లా ఇక్కడుండాలి" అన్నాడు వరప్రసాదరావు, ఇంజను మూత మీద చెయ్యి వేసి, మంచి గేదెని చరిచినట్టు చరుస్తూ.

ప్రేమానందం తల ఊపాడే గానీ ఆయన చూపు దారి మీదే ఉంది. చెప్పులు చేత పట్టుకుని, మోకాళ్లదాకా రేగడితో, ఆరోగ్యమ్మ వస్తోంది. గంజిపెట్టిన తెల్లచీర నడుం నుంచి భుజం దాకా నల్లటి మచ్చలు. చెంప మీద కూడా ఒక ముద్ద. బండి దగ్గరికొచ్చి, ఊరంతా వింటుండగా కొంగు రెండు చేతులా చాచి చూపించింది.

"చూశారా ఏం చేశారో? ఉన్నది ఒక్క తెల్లచీర. ఇట్టా పోయి ప్రార్థనలో ఎట్టా కూర్చోమంటారు నన్ను?"

ప్రేమానందం వంగి ఆ మచ్చల్ని దగ్గర్నుంచి, భుజం దాకా ఒక్కొక్కటీ తీరిగ్గా చూసి, తల ఎత్తాడు.

"ఆరోగ్యం, అదంతా ముందు చక్రం చిమ్మిన బురదే!"