ఓడిపోయినవాళ్ళకి పిస్తా బర్ఫీ

స్వీట్లు పంచి పరువు పోగొట్టుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు. మొన్న శుక్రవారం మా ఆఫీసులో అందరూ చావింట్లో లాగా తలలు వేలాడేసుకుని ఉంటే, నేను మధ్యలోకి వెళ్ళి బర్ఫీ డబ్బా తెరిచాను. తెరిచి కంగ్రాట్యులేషన్స్ కూడా చెప్పాను. ఎవరికి? సాక్షాత్తూ మా బాసుకి. అదీ నా గ్రీన్ కార్డ్ సంగతి ఆయన చేతిలో ఉండగా.

అప్పుడే నవ్వకండి, ఇంకా అసలు కథలోకి రాలేదు.

మా బాస్ పేరు గ్యారీ. మనిషి మంచివాడే. కానీ ఆయనకి నేనెవరో సరిగ్గా తెలీదు. ఆ మూల క్యూబ్‌లో కూర్చునే డేటాబేస్ అబ్బాయి, అంతవరకే. వచ్చి రెండేళ్ళయినా మేమిద్దరం మాట్లాడుకున్నదంతా చలి గురించీ మంచు గురించీనే. ఇక్కడేమో నా వీసా గడువు దగ్గర పడుతోంది. ఈలోగా కంపెనీ నాకు గ్రీన్ కార్డ్ ఫైల్ చెయ్యకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. ఫైల్ చెయ్యాలంటే గ్యారీ నోరు తెరిచి హెచ్ఆర్ వాళ్ళతో "ఈ మనిషి మాకు కావాలి" అనాలి. వాతావరణం గురించి మాట్లాడేవాడు ఎవరికి కావాలండీ?

ఈ బెంగంతా నా పాత రూమ్మేట్ శ్రీకాంత్‌తో వెళ్ళబోసుకున్నాను. వాడిది వరంగల్. నేను తిరిగే కారు వాడి దగ్గర కొన్నదే.

"నువ్వెంత పనిజేస్తే ఎవడు చూస్తడు రా?" అన్నాడు. "మీ బాసుకి ఏమిష్టమో జెప్పు."

"ఫుట్‌బాల్."

"మరింకేంది? ఫుట్‌బాల్ ముచ్చట పెట్టు. నీ కార్ల రేడియో ఉన్నది గదా, రెండో బటన్ నొక్కు. పొద్దుగాల లేస్తే అదే లొల్లి ఉంటది."

ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు. ఒకడు బంతిని చంకలో పెట్టుకుని పరిగెడుతుంటే మిగతావాళ్ళంతా వాడి మీద పడేది. నేను క్రికెట్ మనిషిని. ఇదొక్క ముక్క అర్థమైతే ఒట్టు. నేర్చుకుందామన్నా అప్పటికి సీజన్ అయిపోయింది, చూడటానికి మ్యాచుల్లేవు. ఆ ఖాళీ నెలల్లో ఈ దేశంలో జనం మాట్లాడుకునేది ఒక్కటే, డ్రాఫ్ట్. కాలేజీల్లో ఆడే మంచి కుర్రాళ్ళని టీములన్నీ వరసగా తలా ఒకణ్ణి ఎంచుకుంటాయి. ఆ రోజు కోసం నెలల తరబడి వాదించుకుంటారు. మన ఇళ్ళల్లో సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇంత చర్చ ఉండదు.

సరే, మర్నాటి నుంచే రూట్ వన్ ట్రాఫిక్‌లో రెండో బటన్ నొక్కి కూర్చున్నాను. జనం ఫోన్లు చేసి అరుస్తున్నారు. ఒకాయనైతే ఏడ్చేశాడు. ప్రతివాడూ "మనం, మన లైను, మన కోచ్" అంటాడు తప్ప పరాయివాళ్ళ మాటలా మాట్లాడడు. లైనంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని ఆపే భారీ మనుషులట. అర్థమైన రెండు మూడు ముక్కలు, ఎంసెట్‌కి బిట్లు బట్టీ పట్టినట్టు, పార్కింగ్ లాట్ వచ్చేదాకా పైకి చదువుకునేవాణ్ణి. పేర్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. తప్పు పలికితే దొరికిపోతాను కదా.

మొదటిరోజు కాఫీ మెషిన్ దగ్గర గ్యారీ కనబడ్డాడు. గుండె దిటవు చేసుకుని అన్నాను. "గ్యారీ, మన లైన్ మరీ వీక్‌గా ఉంది. కోచ్‌కి అది కనపడట్లేదు."

ఆయన కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. "నువ్వు ఫుట్‌బాల్ చూస్తావా?"

"కొంచెం."

"కొంచెమేంటి, అసలు విషయం పట్టుకున్నావు," అన్నాడు. ఆ రోజు లంచ్‌కి నన్ను తన టేబుల్ దగ్గరికి పిలిచాడు. రెండేళ్ళలో మొదటిసారి.

అక్కడే టెర్రీ అని మా టెస్టింగ్ లీడ్ ఉంటుంది. ఆమే, గ్యారీ, టేబుల్ దగ్గరున్న మిగతావాళ్ళంతా న్యూయార్క్ వైపు నీలం జెర్సీ టీమ్‌కి పిచ్చి అభిమానులు. డ్రాఫ్ట్‌లో బంతి పట్టుకునేవాణ్ణి తీసుకోవాలని టెర్రీ వాదన. గ్యారీకేమో ఒహాయోలో ఆడే ఒక భారీ కుర్రాడు కావాలి. మన ఆటగాడి మీదికి ఎవడూ రాకుండా గోడలా నిలబడేవాడు. అదృష్టమేమిటంటే మా రేడియోవాళ్ళక్కూడా ఆ ఒహాయో కుర్రాడే కావాలి. ఇంకేం, పొద్దున విన్నదంతా మధ్యాహ్నం కక్కేసేవాణ్ణి. "మనం ముందు ఇల్లు కాచుకోవాలి టెర్రీ, సోకులు తర్వాత" అంటే గ్యారీ బల్ల గుద్ది, "విను, ఇతను చెప్పేది విను" అనేవాడు.

కొన్ని వారాలకే డేటాబేస్ అబ్బాయి కాస్తా గ్యారీకి "మై మ్యాన్" అయిపోయాడు. ఒకరోజు ఆయనే, "నీ గ్రీన్ కార్డ్ సంగతి డ్రాఫ్ట్ అయ్యాక కూర్చుని మాట్లాడదాం" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడ సునీతకి చెబితే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకైతే రేడియోకి పెట్టాలనిపించింది.

డ్రాఫ్ట్ గురువారం సాయంత్రం టీవీలో వచ్చింది. మా ఇంట్లో తెలుగు చానెళ్ళ ప్యాకేజీ తప్ప స్పోర్ట్స్ చానెల్ లేదు. పైగా సునీత నన్ను మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకి తరిమింది. శనివారం వాళ్ళ ఫ్రెండ్ సీమంతం, పిస్తా బర్ఫీ తెచ్చిపెట్టాలి. తెచ్చాను. డబ్బాలు కార్లోనే ఉంచేశాను. ఇంట్లో పెడితే మా మూడేళ్ళ పిల్ల మిగల్చదు.

శుక్రవారం పొద్దున రెండో బటన్ నొక్కానో లేదో, రేడియో పగిలిపోతోంది. "దొరికాడు! మనకే దొరికాడు!" అని ఒకడు గొంతు చించుకుంటున్నాడు. ఒహాయో కుర్రాడు మనవాడైపోయాడట. పక్క టీమ్‌వాళ్ళ వంతు వచ్చేలోపే మనం ఇంకో టీమ్‌తో వంతు మార్చుకుని, ఒక మెట్టు ముందుకి ఎగబాకి వాణ్ణి తన్నుకుపోయామట. చెప్తే నమ్మరు, నాకు నిజంగానే ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ వాడి కోసం వాదించినవాణ్ణి కదా. సిగ్నల్ దగ్గర ఆగి హారన్ కూడా కొట్టాను.

మరి మన ఇళ్ళల్లో శుభవార్త అంటే ఏం చేస్తాం? నోరు తీపి చేస్తాం. డబ్బాలు వెనకాలే ఉన్నాయి. సీమంతానికి సాయంత్రం మళ్ళీ కొనుక్కోవచ్చులే అనుకుని ఒకటి చంకన పెట్టుకుని లోపలికి నడిచాను.

లోపల ఒక్కడు మాట్లాడితే ఒట్టు. టెర్రీ గోడకేసి చూస్తోంది. గ్యారీ నీలం జెర్సీ వేసుకుని కుర్చీలో కూలబడి ఉన్నాడు. సర్వర్ ఏదో డౌనై ఉంటుందనుకున్నాను. అయ్యో పాపం, వీళ్ళని నేనే హుషారు చెయ్యాలి అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి. డబ్బా మూత తీసి గ్యారీ ముందు పెట్టాను.

"కంగ్రాట్యులేషన్స్ గ్యారీ. మనకి దొరికేశాడు."

ఆయన తల ఎత్తాడు. "మనకి అంటే ఎవరికి?"

"అదేంటి, మనకే." అక్కడితో ఆగొచ్చు కదా? ఆగలేదు. పొద్దున కార్లో బట్టీ పట్టిన ముక్క ఇంకా నోట్లోనే ఉంది. "ఆ పై ఊరి జోకర్ల నోటి దగ్గర కూడు లాగేసుకున్నాం. పాపం, ఇవాళ ఎక్కడ మొహాలు దాచుకున్నారో."

గ్యారీ చాలా నెమ్మదిగా అన్నాడు. "ఇక్కడే దాచుకున్నాం."

టెర్రీ లేచి వచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఒహాయో కుర్రాణ్ణి తన్నుకుపోయింది మేం కాదు, ఫిలడెల్ఫియా టీమ్. ఆకుపచ్చ జెర్సీ వాళ్ళు. మా గుంపులోనే ఉండి ఏటా రెండుసార్లు మాతో తలపడే బద్ధశత్రువులు. సరిగ్గా మాకంటే ఒక్క వంతు ముందు దూరి పట్టుకుపోయారు. అంతా చెప్పి డబ్బాలోకి తొంగిచూసింది.

"ఇవి కూడా ఆకుపచ్చగానే ఉన్నాయి," అంది.

అప్పుడు వెలిగింది. శ్రీకాంత్ కారు అమ్మకముందు ఉన్నది చెర్రీ హిల్‌లో, ఫిలడెల్ఫియా పక్కనే. రెండో బటన్‌కి వాడు పెట్టుకున్నది ఆ ఊరి స్టేషన్. మా పిస్కాటవే, ప్రిన్స్‌టన్ వైపు అంటే న్యూయార్క్‌కీ ఫిలడెల్ఫియాకీ నడిమధ్య, రెండు ఊళ్ళ రేడియోలూ పడతాయి కదా. అంటే ఇన్ని వారాలూ ఫిలడెల్ఫియావాళ్ళ ఏడుపు తెచ్చి న్యూయార్క్‌వాళ్ళ దగ్గర ఏడ్చానన్నమాట. వీళ్ళకి అనుమానం ఎందుకు రాలేదంటారా? లైను వీక్ అనీ కోచ్ దద్దమ్మ అనీ అనుకోని అభిమాని ఏ ఊళ్ళో ఉంటాడు?

గ్యారీ నా కళ్ళల్లోకి చూశాడు. "నువ్వు వాళ్ళ మనిషివా?"

నా ముందు రెండే దారులున్నాయి. ఒకటి, "నాకు ఫుట్‌బాల్ రాదు గ్యారీ, మిమ్మల్ని కాకా పట్టడానికి రేడియోలో విన్నది అప్పజెప్పాను" అని నిజం చెప్పడం. రెండోది శత్రువునని ఒప్పుకోవడం. వీసా, అపార్ట్‌మెంట్ లీజు, పిల్ల స్కూలు, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. దొంగ అనిపించుకోవడం కన్నా శత్రువు అనిపించుకోవడమే నయమనిపించింది.

"అవును," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి." నోటికి ఏదొస్తే అది అనేశాను. చిన్నప్పుడు నేను తెనాలిలో ఉన్నాను.

గ్యారీ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. టెర్రీ ఒక బర్ఫీ తీసుకుంది. తిని, బాగుందని ఇంకోటి తీసుకుంది. ఆమెని అని లాభం లేదు.

నేను బయటికెళ్ళి శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. "అవ్, ఫిలడెల్ఫియా స్టేషనే," అన్నాడు తాపీగా. "అయితేంది? ఫుట్‌బాల్ అంటే ఫుట్‌బాలే గదా రా." పీక పిసకాలనిపించింది కానీ మనిషి పక్కన లేడు.

సాయంత్రం అవుతుండగా గ్యారీ నుంచి పిలుపు వచ్చింది. ఇక అయిపోయింది, సూట్‌కేసులు అటక మీంచి దింపుకోవడమే అనుకుంటూ వెళ్ళాను. ఆయన ఎదురు కుర్చీ చూపించాడు. ఆయన మాటలు తిట్లు తీసేసి తెలుగులో చెప్తున్నాను.

"ఈ ఆఫీసులో ఒక్కడూ నాకు నచ్చని మాట చెప్పడు," అన్నాడు. "నేను డెడ్‌లైన్ ముందుకి జరిపినా భేష్ అంటారు, వెనక్కి జరిపినా భేష్ అంటారు. నువ్వొక్కడివే. శత్రువువై ఉండి మా మధ్యలో కూర్చుని తిన్నావు. మేం ఓడిన రోజున నా మొహం మీద స్వీట్ బాక్స్ తెరిచావు. దానికి గుండె కావాలి."

నేను నేల చూపులు చూస్తున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

"నాకలాంటివాడు కావాలి. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టేశాను. నీ గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తారు."

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఆ గది మొత్తంలో, ఆ బిల్డింగ్ మొత్తంలో, ఆయనకి నచ్చే మాట చెప్పడానికి రోజూ పొద్దున్నే ప్రాక్టీస్ చేసుకొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. థాంక్స్ చెప్పి లేచాను.

"ఆగు," అన్నాడు. "ఈ సీజన్‌లో మీవాళ్ళు మా స్టేడియంకి ఆటకి వస్తారు. ప్రతి ఏడూ నాకు రెండు టికెట్లుంటాయి. నా పక్క సీటు నీదే. ఈ ఏడూ, వచ్చే ఏడూ, ఎప్పటికీ. మీ ఆకుపచ్చ జెర్సీ వేసుకునే రావాలి."

ఇంటికెళ్ళగానే ముందు బర్ఫీ డబ్బా ఒకటి తగ్గినందుకు సునీత దులిపేసింది. తర్వాత సంగతంతా విని నవ్వి నవ్వి సోఫాలో కూలబడింది. గ్రీన్ కార్డ్ మాట వినగానే కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో, సంతోషానికో నేను అడగలేదు.

"అయినా ఎన్నాళ్ళండీ ఈ వేషం? ఆయనకి మెల్లిగా నిజం చెప్పెయ్యొచ్చు కదా?" అంది.

"ధైర్యవంతుణ్ణని కదా ఫైల్ చేస్తున్నాడు. ఇప్పుడెలా చెప్తాను? గ్రీన్ కార్డ్ చేతికి రానీ, అప్పుడు చెప్తాను."

మన ఇండియావాళ్ళ లైన్ ఎంత పొడుగో మీకు వేరే చెప్పాలా? ఇవాళ ఫైల్ చేస్తే ఏళ్ళూ పూళ్ళూ. సునీత మా పిల్లకేసి చూసింది. అది మిగిలిన డబ్బా తెరుచుకుని మూతికంతా బర్ఫీ పూసుకుంటోంది.

"అలాగే కానివ్వండి," అంది. "దీని పెళ్ళికి గ్యారీని పిలుస్తాం కదా, శుభలేఖ ఇచ్చేటప్పుడు చెబుదురుగాని. జెర్సీ మాత్రం ఇప్పుడే కాస్త పెద్ద సైజు కొనుక్కోండి. అప్పటికి మీ పొట్ట ఊరుకోదు."

రెండు సైజులు పెద్దది ఆర్డర్ చేశాను.