నవ్విన శీలావతి

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన రోజులే. కానీ మా తాడేపల్లిగూడెంలో యానిమేషన్ అనే మాటకి ఎవరి అర్థం వాళ్లకుండేది. మా పెద్దమ్మ దృష్టిలో అది పాస్‌పోర్టు ఫోటో వెనకాల రంగు మార్చడం. పక్కింటి పిన్నిగారికి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో పాప చుట్టూ సీతాకోకచిలుకలు పెట్టడం. ఉల్లిపాయల కొట్టు నడిపే మా నాన్నకైతే కూతురు చదివిన, ఎందుకూ కొరగాని చదువు. నేను మాత్రం ఏలూరులో మా కోర్సు సారు మొదటి రోజు చెప్పిన అర్థాన్నే పట్టుకు వేలాడేదాన్ని: ప్రాణం లేనిదానికి ప్రాణం పొయ్యడం. (ఈ ముక్క పాలాయనకి కూడా చెప్పాను. "మంచిదమ్మా, గిన్నె పట్టండి" అన్నారు.)

కోర్సు అయ్యాక ఏలూరులోనే ఒక చిన్న స్టూడియోలో చేరాను. నాన్న షరతు పెట్టారు: "మొదటి పని నలుగురికీ నచ్చిందా, సరే. లేదంటే వచ్చి కొట్లో కూర్చో." ఆ మొదటి పని, చేపల రైతులకి మేత గురించి చెప్పే అయిదు నిమిషాల బొమ్మల సినిమా. పదిహేను రోజులు కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. శీలావతి చేపలకి కనురెప్పలు పెట్టాను, బుగ్గలు పెట్టాను. చివర్లో నా కళాఖండం: తెల్లవారుతుండగా చెరువు నిండా చేపలు నీళ్లపైకి మూతులెత్తి, నోళ్లు తెరిచి నవ్వుతుంటాయి.

కలిదిండి దగ్గర ఒక కల్యాణమండపంలో రైతులందరినీ కూర్చోబెట్టి సినిమా వేశారు. నాన్న కూడా వచ్చారు (నా ప్రతిభ చూడ్డానికో, ఇంటికి తీసుకుపోవడానికో తెలీదు). ఆ నవ్వుల దృశ్యం రాగానే నేను చప్పట్ల కోసం చూస్తున్నాను. ఒకాయన "అయ్యబాబోయ్!" అంటూ లేచి నిలబడ్డారు. ఇంకొకాయన ఎవరికో ఫోన్ చేసి, "ఒరేయ్, ఎందుకైనా మంచిది, మన చెరువులో ఏరేటర్లు వెయ్యరా" అన్నారు. ముందు వరసలో ఉన్న గట్టు మావయ్యగారు (ఎప్పుడూ చెరువు గట్టు మీదే ఉంటారని ఊరు పెట్టిన పేరు) నా వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"ఏవమ్మా, ఆ చేపలు ఊపిరాడక చచ్చిపోతున్నాయి కదా, నవ్వుతాయేంటమ్మా?"

తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గిపోతే చేపలు అలాగే పైకి తేలి నోళ్లు తెరుస్తాయిట. అది చూస్తే ఏ రైతుకైనా గుండె జారిపోతుందిట, వెంటనే ఏరేటర్లతో నీళ్లలోకి గాలి కొట్టిస్తారుట. హాలంతా గొల్లున నవ్వింది. నాన్న చేతిసంచీ సర్దుకుని లేచారు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"ఆగండాగండి," అన్నారు మావయ్యగారు. "మూతులెత్తడం అచ్చం అలాగే ఉందండీ. ఆ నవ్వొక్కటీ తీయించి, ప్రమాదం అని రాయిస్తే చాలు. కొత్తగా పనిలోకొచ్చినోళ్లకి మేం నోరు నొప్పెట్టేలా చెప్పక్కర్లేదు." తర్వాత నాతో, "రేపు పొద్దున్నే మా చెరువు దగ్గరికి రామ్మా. చేప ఎలా ఈదుతుందో చూద్దువుగాని" అన్నారు. నాన్న మళ్లీ కూర్చున్నారు.

మర్నాడు తాడుకి వేలాడే మేత సంచుల చుట్టూ చేరిన చేపల్ని చూపించారు. "నువ్వు తోకొక్కటే ఊపావమ్మా. చూడు, కదలిక తల దగ్గర పుట్టి తోక దాకా పోతోంది." చెయ్యి వంకరలు తిప్పి మరీ చూపిస్తుంటే భుజం మీద తువ్వాలు జారి నీళ్లలో పడింది. పదిహేను రోజులు చేపలు గీసిన నేను అప్పటిదాకా ఒక్క చేపనైనా నిలబడి చూడలేదు. ఆయన నన్ను తిట్టలేదు, చూడ్డం నేర్పారు. ఆ రుణం ఎలా తీర్చుకోను?

ఇప్పుడు నేనే ఏలూరులో పిల్లలకి ఈ విద్య చెబుతున్నాను. యానిమేషన్ అంటే ఏంటి మేడమ్ అంటే, సారు చెప్పిన అర్థమే చెప్పి, "ముందు బయటికెళ్లి చూసి రండి" అంటాను. కంప్యూటర్ మార్చినప్పుడల్లా ఆ పాత చేపల్ని కూడా వెంట తెచ్చుకుంటాను. నిన్న మళ్లీ తెరిచాను. ఊపిరాడకపోయినా ఎంత ధీమాగా నవ్వుతున్నాయో పాపం, అచ్చం ఆ రోజు చప్పట్ల కోసం చూసిన నాలాగే.