జారిన టైలు

"ఈ టైళ్లు ఊడి నా బిడ్డ మీద పడవు కదా, మేస్త్రీ?" చంటివాణ్ణి చంకనేసుకుని మరిసోల్ మూడోసారి అడిగింది.

ప్యూబ్లా నగరంలోని ఆ పాత ఇంట్లో స్నానాలగది గోడ పొట్ట ఉబ్బినట్టుండేది. ముసలి మేస్త్రీ ఎవారిస్తో కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, ఎత్తులు చెక్కి, పల్లాలు పూడ్చాడు. నిన్న అతికించిన టైళ్ల వరుసను వేలి కణుపుతో తట్టి విన్నాడు. "ఎక్కడా బోలు లేదు తల్లీ."

ఆమెకు నమ్మకం కుదరలేదు. అప్పుడే అతికించిన టైలును గట్టిగా నొక్కి పట్టుకుంది. పచ్చి సిమెంటు మీద అది మెల్లగా కిందికి జారింది.

అతను విసుక్కోకుండా దాన్ని పైకి జరిపాడు. "నా కూతుర్నీ ఇట్లాగే నొక్కిపట్టా. చెప్పకుండా పోయి ఎనిమిదేళ్లు. ఇప్పటికీ దాని వాటా రొట్టెలు కట్టుకొస్తా."

గోడ పని ముగిసిపోయింది. ఇప్పుడు బిడ్డ కునుకు తీయగానే మరిసోల్ చేయి వాడి ఛాతీ మీదికి పోతుంది. ఊపిరి ఒక్కసారి తగలగానే ఆ రోజు టైలు సర్దుతూ మేస్త్రీ చెప్పిన మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటుంది: "సరిగ్గా పెట్టావా, చూసుకో. ఇక చేయి తీసెయ్."