ఎనక ఒప్పుకోవాల

గణపతిరావు దేన్నైనా వెనకనుంచే చూస్తాడు. మనిషి కానీ, గేదె కానీ, ఎడ్లబండి కానీ, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి తేరిపార చూస్తేనే గాని ముందుకొచ్చి పలకరించడు. చోడవరం అలవాటుపడిపోయింది గాని, ఏడాది కిందట ఊరి ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సమ్మ కనకమహాలక్ష్మికి మొదటిరోజే ఒళ్లు మండింది. బస్సు దిగి ట్రంకుపెట్టె కింద పెట్టిందో లేదో, ఎవడో మాటాపలుకూ లేకుండా వెనక చేరాడు. ఆవిడ గొడుగెత్తింది.

"కోప్పడకండమ్మా. మడమలు గట్టివి, బురదలో నడవగలరు. ఎనక ఒప్పుకుంది," అన్నాడతను తృప్తిగా.

తన మేనకోడలి పెళ్లిచూపుల్లోనూ గణపతిరావుది ఇదే వరస. పెళ్లికొడుకు కోటు వేసుకుని దర్జాగా కూర్చుంటే, ఇతను కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాడు. అబ్బాయి ఇబ్బందిగా అటు తిరిగితే ఇతనూ అటే తిరిగాడు. చివరికి కాలరు వెనక చాకలి గుర్తు చూసి, ఆ కోటు బుచ్చయ్యపేట మునసబుగారిదని నలుగురిలో చెప్పేశాడు. ఆ సంబంధం అక్కడితో సరి.

అయితే ఊరివాళ్లు ఎక్కువగా నవ్వుకునేది అతని కారు చూసి. ఇద్దరే కూర్చునే, పైకప్పు లేని పందెం కారది. జమీందారీలు పోయాక దొరగారు ఊరొదిలి వెళ్తూ, నమ్మకంగా నడిపిన డ్రైవరు గణపతిరావుకే వదిలేసి వెళ్లారు. బయల్దేరిందంటే అనకాపల్లి బస్సుకి దాని దుమ్మే దక్కేది. అలాంటి కారుని గణపతిరావు చేజేతులా పాడుచేసుకున్నాడు. వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని కుండలాంటి పెట్టె ఉంటుంది. దాన్ని ఇరుసుతో సహా ఊడబీకి, యుద్ధం నాటి మిలిటరీ జీపుది తెచ్చి బిగించాడు. చాలదన్నట్టు విశాఖపట్నం తీసుకెళ్లి, ఒక చక్రాన్ని వదిలి ఇంకోటి తిరక్కుండా లోపలి పళ్లచక్రాల్ని వెల్డింగు చేయించాడు.

దాంతో వెనక చక్రాలు చెరో జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. వేగం చచ్చిపోయింది. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటిది గబగబా తిరగాలి కదా. ఇప్పుడు రెండూ ఒక్కలాగే తిరుగుతాయి గనక, కారు మలుపు తిరగనని మొండికేసేది. మూడురోడ్ల దగ్గర కీచుమంటూ తిన్నగా అప్పలనరసమ్మ వేరుశనక్కాయల గంప మీదికి పోయేది. ఆ చప్పుడు వినగానే ఆవిడ గంప నెత్తికెత్తుకునేది. పక్క సీటు కూడా పీకేసి నులకమంచం కోసి బిగించాడు. ఎందుకని అడిగితే నిద్రొస్తే పడుకోడానికన్నాడు. బంగారంలాంటి కారుని ఎందుకు చెడగొట్టావంటే ఒకటే జవాబు.

"ఎనక ఒప్పుకోలేదు."

అందరితోపాటు నర్సమ్మా నవ్వింది. ఆ నవ్వు శ్రావణమాసం దాకానే.

ఆ నెల్లో ముసురుపట్టిన ఒక పొద్దున్న, బుచ్చయ్యపేటలో నూకరత్నానికి తొలికాన్పు నొప్పులని కబురొస్తే నర్సమ్మ బండికట్టించుకుని వెళ్లింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. అనకాపల్లి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బస్సు రాదు, ఎడ్లబండికి పొద్దుగూకుతుంది, అందాకా ఆ పిల్ల నిలవదు. నర్సమ్మ గణపతిరావుకి కబురు పెట్టింది. కారొచ్చి వాకిట్లో ఆగగానే, నూకరత్నం మొగుడు పెదబాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ కారు ఎక్కనివ్వను. ఇప్పటికే మా ఇంట ఒకత్తిని తినేసింది," అన్నాడు.

గొంతు పెంచకుండానే మిగతాదీ చెప్పాడు. మూడేళ్ల కిందట అతని మొదటి భార్య చిన్నతల్లిని ఇలాగే, ఇదే కారులో తీసుకెళ్లారు. దారిలో గెడ్డవాగు దాటుతుంటే బురదలో దిగబడింది. ఒక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగింది, రెండోది గుంజలా నిలబడిపోయింది. తను వెనకనుంచి ఎంత తోసినా కదల్లేదు. బయటపడేసరికి చిన్నతల్లికి ఆసుపత్రి మంచంతో పని లేకపోయింది. ఏడాది తిరిగాక పెద్దలు చిన్నతల్లి చెల్లెల్నే ఇచ్చి చేశారు. ఆ చెల్లెలే ఈ నూకరత్నం.

"ఆయేల ఈడితో నానే అన్నానమ్మా. నువ్వు ముందు కూసున్నావు, ఎనక ఏటవుతందో నీకేటి తెలుసు అని."

నర్సమ్మ తలతిప్పి చూసింది. గణపతిరావు వానలో కారు వెనకే, చక్రం మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. ఏడాదిపాటు ఈ మనిషిని చూసి నవ్వినందుకు ఆవిడకి తలకొట్టేసినట్టయింది.

"పెదబాబూ, ఈసారీ నువ్వు ఎనకే ఉండి సూడు," అన్నాడు గణపతిరావు. "రెండూ తిరక్కపోతే నన్ను ఆ బురదలోనే పాతీ."

పెదబాబు గుమ్మం వదల్లేదు. లోపల్నుంచి నూకరత్నం గొంతు సన్నగా వినిపించింది. "ఎక్కించండి. ఇక్కడున్నా సావే గదా."

పెదబాబు పక్కకి తప్పుకున్నాడు. నూకరత్నాన్ని నులకమంచం మీద పడుకోబెట్టారు. నర్సమ్మ ఆమెని పట్టుకుని అంచున కూర్చుంది. పెదబాబు వెనక వేలాడాడు. సరిగ్గా అదే గెడ్డలో, అదే చోట కారు ఇరుసు దాకా దిగిపోయింది. పెదబాబు దిగి భుజం ఆనించాడు. అప్పుడు కుడిపక్కనుంచీ ఎడంపక్కనుంచీ కూడా బురద లేచి అతని మొహాన కొట్టింది. ఆనించిన భుజం కింద కారు లేకుండా పోయింది, మనిషి బోర్లాపడ్డాడు. ఒడ్డెక్కిన కారు వెనక పరిగెత్తుకొస్తూ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీకుండా ఒకే మాట అంటున్నాడు.

"రెండూ తిరిగేయి. రెండూ తిరిగేయి."

చోడవరం మూడురోడ్ల దగ్గర అప్పలనరసమ్మ గంప ఎత్తుకుని, బళ్లన్నీ ఆపించి ఉంది. కారు కీచుమని అరిచి, ఆవిడ అరుగుని రాసుకుంటూ మలుపు తిరిగింది. ఆవేళ ఎవరూ నవ్వలేదు. అనకాపల్లిలో కడుపు కోసి ఆడపిల్లని తీశారు. తల్లి చావు అంచుదాకా వెళ్లి వచ్చింది.

మూడో నెలలో పెదబాబు పిల్లని భుజాన వేసుకుని గణపతిరావు షెడ్డుకొచ్చాడు. నూకరత్నం అక్కపేరే పెట్టుకున్నామని చెప్పాడు. అక్కడే ఉన్న నర్సమ్మ చూస్తుండగా, గణపతిరావు అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి పెదబాబు వెనక్కి వెళ్లి ఒక కన్ను మూశాడు. భుజం మీద పిల్ల కదా, మొహం అటే ఉంది. చొంగ కారుస్తూ అతన్నే చూస్తోంది.

"ఏటి, ఒప్పుకుందా ఎనక?" అన్నాడు పెదబాబు, వెనక్కి తిరక్కుండానే.

గణపతిరావు మూసిన కన్ను తెరిచి, ఇంకాస్త దగ్గరికి వంగాడు. చిన్నతల్లి అతని మీసం పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.