గంటన్నర నిశ్శబ్దం

“అసలు సంగతి నువ్వింకా అడగలేదు సుకుమారూ, ధ్యానం కుదిరిందా లేదా అని. కుదిరింది. అదే కదా నా ఏడుపు.”

ఆ మాట అని తాతారావు వరండాలో ఫ్యాను ఇంకొంచెం పెంచాడు. చలికాలమే అయినా తాడేపల్లిగూడెంలోని ఆ అద్దె ఇంట్లో ఫ్యాను ఆగదు. గాలికోసం కాదు, చప్పుడుకోసం.

సుకుమార్ కైకలూరులో మోటార్లు బాగుచేస్తాడు. తాతారావు రొయ్యల చెరువులో ఏరేటర్లు పన్నెండేళ్ళు అతని చేతిమీదుగానే తిరిగాయి. నీటిని చిలికి రొయ్యలకు ఊపిరి అందించే ఆ చక్రాలు ఆగితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా ఆయన లేచి కూర్చునేవాడు. ఆ అలవాటు ముదిరి ముదిరి, చక్రాలు తిరుగుతున్నా నిద్ర పట్టడం మానేసింది. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద వదిలేసి గట్టు మీదికి పోయేవాడు. చూసి చూసి భార్య రత్నమాణిక్యం ఏలూరులో మూడు రోజుల మౌన శిబిరానికి పేరు రాయించింది.

మొదటి రోజంతా చెవుల్లో చెరువే మోగిందట. ఊపిరి గమనించమంటే కరెంటు ఉందో లేదో గమనించాడట. రెండో రోజు తెల్లవారుతూండగా కూర్చున్నప్పుడు మాత్రం ఏమైందో, లోపలి మోత దానంతటదే తగ్గుతూ వచ్చి సద్దుమణిగింది. గంటన్నర. కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

సరిగ్గా ఆ గంటన్నరలోనే చెరువు దగ్గర కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చి జనరేటరు లేవలేదు. కాపలా ఉన్న ఫిన్నీ పదకొండుసార్లు ఫోను చేశాడు, సుకుమార్ నంబరు చెప్పమనడానికి. ఆ నంబరు తాతారావు ఫోనులో ఉంది. ఫోను శిబిరంవాళ్ళ బీరువాలో, పేరు రాసిన గుడ్డసంచిలో ఉంది. మధ్యాహ్నం ఎవరో కబురు తెచ్చి సంచి చేతికిచ్చేసరికే రొయ్యలన్నీ తేలి గట్టు వారకి కొట్టుకొచ్చాయి.

పిలిస్తే ఇరవై నిమిషాల్లో వచ్చేవాణ్ణని సుకుమార్ ఎన్నడూ అనలేదు. కలిసినప్పుడల్లా ఆ మాట తాతారావే అంటాడు.

చెరువు వదిలేసి గూడెం వచ్చారు. జబ్బు వదల్లేదు. కరెంటు పోతే దడ, ఎవరైనా మాట ఆపితే దడ, చివరికి వంటింట్లో మిక్సీ ఆగినా దడే. శిబిరం గురువుగారు ఇంకా మమకారం పోలేదనీ, పదిరోజులు మళ్ళీ కూర్చోమనీ చెప్పారు. కూర్చున్నాడు. నాలుగో రోజు కళ్ళు మూసుకున్నవాడు మూసుకున్నట్టే కేక పెట్టి గేటు దాకా పరిగెత్తాడు.

“ఆయనతో ఒక్కటే అన్నాను. మమకారం వదిలానండీ, మీ మాట విన్నాను, ఆ ఒక్క పూటేనండీ అని.”

ఆ తర్వాత గూడెంలో చూపించుకుంటున్న డాక్టరుగారు ఏమన్నారని సుకుమార్ అడిగాడు. ఇది అడగడం మూడోసారి. ప్రతిసారీ అతనికి కొత్తగా ఏదో బోధపడుతుంది. ఊరికే కూర్చుంటే మన మెదడులో మన గురించే తిరిగే అల్లిక ఒకటి ఉంటుందట. ధ్యానం అలవాటైనవాళ్ళలో అది నెమ్మదిస్తుందట. అపాయం పసిగట్టే ఏర్పాటు వేరే ఉంది. అందరికీ ధ్యానం ఒకేలా పనిచెయ్యదట. దెబ్బతిన్న కొందరికి కళ్ళు మూసుకుంటే మొదట లేచేది అదేనట. తాతారావుకి నెమ్మదీ అపాయమూ ఒకే పూట కలిసి వచ్చాయి. ఇప్పుడు నెమ్మది తగిలితే చాలు, అది గంట కొడుతోంది.

“స్టార్టరులో, ఫేజు పోతే మోటారు ఆపేసే రిలే లాగన్నమాట,” అన్నాడు సుకుమార్. “ఫేజు పోకపోయినా కొట్టేస్తోంది. రీసెట్ ఎక్కడుందో అడిగారా అండీ?”

“అడిగాను. అలాంటిది లేదుట. అలవాటు చెయ్యాలిట.”

మాత్రలు మానకుండా, రోజూ అయిదు నిమిషాలు, కళ్ళు తెరిచే, నమ్మకమున్న చప్పుడు ఏదైనా పెట్టుకుని కూర్చోమన్నారు. రోజురోజుకీ ఆ చప్పుడు కాస్త కాస్త తగ్గించాలట. ఫ్యానుతో ప్రయత్నించాడు. అది ఫ్యానని మనసుకి తెలిసిపోతోంది.

రత్నమాణిక్యం టీ గ్లాసులు తెచ్చిపెట్టి గుమ్మానికి ఆనుకుంది. “శిబిరానికి పంపింది నేనేనని రోజుకోసారైనా వింటాను బాబూ. ఆ రోజు కళ్ళు తెరిచాక ఈయన మొహం ఎలా ఉందో మాత్రం నేను చూడలేదు.”

“చూసుంటే మళ్ళీ పంపుదువు,” అన్నాడు తాతారావు.

ఆమె గ్లాసులు ఖాళీ కాకముందే లోపలికి వెళ్ళిపోయింది.

బస్సు వేళయిందని సుకుమార్ లేచాడు. తాతారావు గేటు దాకా వచ్చి, గడియ తియ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“ఒక్క పని చేసిపెట్టు. మన చెరువు ఇప్పుడెవరు చేస్తున్నారో వాళ్ళనడిగి, గట్టు మీద ఫోను పెట్టి ఏరేటర్ల చప్పుడు ఎక్కించి పంపు. అరగంట చాలు. తూర్పు మూలది కీచుమంటుంది, అదీ పడాలి.”

“రేపే పంపుతానండీ.”

“చివర నువ్వు ఆపుతావు చూడు, ఆ ముక్క కోసేసి మళ్ళీ మొదటికి అతికించు. ఎక్కడా ఆగినట్టు నాకు తెలియకూడదు.”