ఎడమచేతి పిడికిలి

2022. కరోనా భయం తగ్గి జనం మళ్ళీ ఒకరింటికి ఒకరు వెళ్ళడం మొదలుపెట్టిన ఎండాకాలం. జంషెడ్‌పూర్‌లో నేను ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను. సీతారామ్‌డేరాలో అద్దె గది, ఒక స్కూటీ, ఒక సంచీ, రెండు చేతులు. నా ఆస్తీ నా సంసారమూ అంతే.

ఆ వేసవిలో బారిడీహ్ నుంచి ఒక కేసు వచ్చింది. పేషెంటు పేరు దానియేలు గారు. శ్రీకాకుళం వైపు నుంచి కూలీగా వచ్చి, లేబర్ కాంట్రాక్టులు పట్టి మేడ కట్టిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. స్ట్రోక్ వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది గానీ ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. దీన్ని మేం స్పాస్టిసిటీ అంటాం. ఇక వదులు అని మెదడు పంపే కబురు అందక కండరం పట్టు విడవదు.

మొదటిరోజు ఆయన ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుని కూర్చున్నారు. తీయబోతే కసిరారు.

"ఒగ్గీ తల్లీ. కాలు సూసుకో, సాలు."

"చెయ్యి చూపించకపోతే ఎలాగ బాబాయ్?"

"కంపు కొడతాది. రహనే దో, ఉండనీ."

నిజమే. మూసుకుపోయిన అరచేతిలో నెలల తరబడి చెమట పేరుకుంటుంది, గోళ్ళు చర్మంలోకి దిగుతాయి. నేను కాలితోనే మొదలుపెట్టాను.

బర్మామైన్స్‌లో వాళ్ళ తెలుగు చర్చి ఉంది. ఫ్యాన్లు ఆయనవి, బెంచీలు ఆయనవి, మైకు సెట్టు ఆయనది. పాస్టరు గారు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ప్రార్థన చేసి, కొత్త షెడ్డుకు సాయం అందుకుని లేచేవారు. టీ సగం కప్పులోనే ఉండిపోయేది. ఆ ఇంటికి మనుషులు వస్తారు గానీ కూర్చోరు. నాకు ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు, కాలికి వ్యాయామం చేయిస్తుంటే ఆయనే మాట ఎత్తారు.

"యేసు ప్రభువు కాడికి డబ్బున్న కుర్రోడొకడు వచ్చినాడమ్మా. ఉన్నదంతా పేదోళ్ళకిచ్చీసి నా ఎనకాల రా అన్నాడు ప్రభువు. ఆడు మొగం మాడ్సుకుని ఎల్లిపోనాడు. పాస్టర్లందరూ ఆడి ఆస్తి గురించే సెప్తారు. ఇంటికెల్లి ఆ సాయంత్రం ఆడు ఒంటరిగా ఏటి సేసినాడో ఎవులూ సెప్పరు."

"మీరు చాలా ఇచ్చారు కదా బాబాయ్."

"ఇచ్చినాను. ఇవ్వడం సులువే. ఒకరి కాడ పుచ్చుకోడమే నాకు సేతకాదు."

అప్పుడు చెప్పారు అసలు సంగతి. వాళ్ళ చర్చిలో ప్రభు భోజనం రోజున రొట్టె ముక్కను దోసిలి పట్టి అందుకుంటారు. "దేవుడి కాడ ఒంటిచెయ్యి సాపుతానా?" అని ఆయన చర్చికి వెళ్ళడమే మానేశారు. స్ట్రోక్ వచ్చినప్పటినుంచీ ఆ రొట్టె నోట పడలేదు.

"అయితే ముందు ఆ చెయ్యి కడగనివ్వండి."

"ఛీ, నువ్వు కడగడమేటి?" అని, ఏదో గుర్తొచ్చి ఆగిపోయారు. ప్రభువు తన కాళ్ళు కడగబోతే శిష్యుడైన పేతురు కూడా ఇలాగే వద్దన్నాడట. తువ్వాలు ఆయనే తీశారు.

ఇలాంటి పిడికిలిని వేళ్ళు పట్టుకుని లాగకూడదు. లాగినకొద్దీ బిగుస్తుంది. మణికట్టును మెల్లగా లోపలికి వంచి, ఓపిగ్గా అలాగే పట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే సడలుతాయి. గోరువెచ్చని నీళ్ళలో కడిగాను. వాసన వచ్చింది. నేను ముఖం తిప్పుకోలేదు. ఆయనే గోడవైపు తిప్పుకున్నారు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయనతో చర్చికి వెళ్ళాను. ఇంట్లో సగం దాకా తెరుచుకుంటున్న చెయ్యి, పాస్టరు గారు రొట్టెతో దగ్గరికి రాగానే గట్టిగా మూసుకుపోయింది. కంగారు పడితే స్పాస్టిసిటీ పెరుగుతుంది.

"పర్లేదయ్యా, కుడిచేత్తో తీసుకోండి" అన్నారు పాస్టరు గారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. చర్చి అంతా మావైపే చూస్తోంది. నేను మణికట్టు కింద చెయ్యి పెట్టి, వంచి పట్టుకుని, "తొందరేం లేదు బాబాయ్" అన్నాను. వెనక ఎవరో దగ్గారు. పాస్టరు గారు మాత్రం మొదటిసారిగా ఆయన ముందు కదలకుండా నిలబడ్డారు. చాలాసేపటికి వేళ్ళు కాస్త విచ్చుకున్నాయి. కుడిచెయ్యి వచ్చి పక్కన చేరింది. వంకర దోసిలి, దాని కింద నా చెయ్యి. రొట్టె ముక్క అందులో పడింది.

ఆరాధన అయ్యాక అందరూ వందనాలు చెప్పి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. బారిడీహ్‌లో ఆయన మేడ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి నేను బయల్దేరబోయాను.

"ఉండమ్మా, ప్రార్థన సేత్తాను" అని, కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి నా తల మీద పెట్టారు.

ఆయన దేవుడు వేరు, మా ఇంటి దేవుడు వేరు. ఆయన ఏం ప్రార్థించారో సగం నా చెవిన పడలేదు. రోజంతా పదిమంది చేతులు పట్టుకుని తిరిగేదాన్ని, నన్నెవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆ పిడికిలి బరువు తల మీద పడ్డాకే తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అప్పటినుంచి కొత్త పేషెంటు ఇంట్లో మెషీను ప్లగ్గు పెట్టేముందు కాసేపు వాళ్ళ చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంటాను. ఇదీ చికిత్సలో భాగమేనని వాళ్ళకు చెబుతాను. అందులో సగమే నిజం.