బంకు మావయ్య కారులో వాసన

కారు తలుపు తీసే ముందు ఆయన కుడి అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటాడు. ఇరవై రెండేళ్లు పెట్రోలు బంకులో పనిచేసిన అలవాటు. బంకు మానేసి టాక్సీ నడపడం మొదలుపెట్టి ఆరేళ్లయింది, అలవాటు పోలేదు. పెట్రోలు వాసన మాత్రం ఆ ముక్కుకు తెలియడం ఎప్పుడో మానేసింది. వీధిలో అందరికీ ఆయన బంకు మావయ్య.

వారానికి మూడు రోజులు ఆయన లెక్కల టీచరమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్తాడు. నాలుగేళ్లుగా ఇదే. తిరుగు ప్రయాణంలో ఆవిడకు మాట్లాడే ఓపిక ఉండదు, ఆయన మాట్లాడించడు. ఆ మౌనం ఇద్దరికీ కుదిరింది.

బుధవారం పక్కింటి జనరేటరుకు పెట్రోలు తెస్తుంటే డిక్కీలో డబ్బా ఒరిగి మూత ఊడింది. ఆయన తుడిచేశాడు. ఆరింది కాబట్టి అయిపోయిందనుకున్నాడు. గురువారం సగం దారిలో టీచరమ్మకు కడుపులో తిప్పింది. రోడ్డు పక్కన దిగి వాంతి చేసుకుంది.

"నిన్ను అనడం లేదు నాయనా. నా కడుపు నా మాట వినడం లేదు. శనివారం కూడా ఇదే వాసనొస్తే నేను వేరే బండి చూసుకోవాలి."

"శనివారానికి ఉండదు టీచరమ్మా," అన్నాడు ఆయన. ఉందో లేదో తనకు తెలిస్తే కదా.

ఇంటికొచ్చి భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె అటూ ఇటూ చూసింది.

"వాసనేముంది? ఎప్పటిలాగే ఉంది. మీ చొక్కా వాసన."

శుక్రవారం పొద్దున్నే ఆమె తమ్ముణ్ణి పిలిపించారు. అతను డిక్కీ తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"బావా, మీ ఇద్దరి ముక్కులూ ఎప్పుడో పింఛను పుచ్చుకున్నాయి."

"సెంటు సీసా తెచ్చాను, తగిలించనా?" అడిగాడు బంకు మావయ్య.

"పూలకొట్లో పెట్రోలు పోసినట్టుంటుంది. లోపల పెట్టు."

నాలుగు తలుపులూ తీసి కారును గాలికి పెట్టారు. డిక్కీలో కార్పెట్ లాగితే కింద మెత్త ఇంకా తడిగానే ఉంది. దాన్ని పారేశారు. రేకును సబ్బునీళ్లతో కడిగారు. కార్పెట్‌ను ఉతికి, వంట సోడా చల్లి ఎండలో పరిచారు. మధ్యాహ్నం దాటాక బావమరిది మళ్లీ వాసన చూశాడు.

"తగ్గింది. పోలేదు. ముందు సీటు వైపు నుంచి వస్తోంది."

"ముందు చుక్క కూడా ఒలకలేదురా."

బావమరిది డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి మడతపెట్టిన గుడ్డ ఒకటి లాగాడు. బంకులో వేసుకున్న ఖాకీ చొక్కా.

"దీంతోనే తుడిచావా?"

"ఆ. ఆరాక మడిచి పెట్టాను."

"అక్కడెందుకు?"

"ఆరేళ్లుగా అది అక్కడే ఉంటోంది."

బావమరిది నవ్వబోయి ఊరుకున్నాడు. భార్య చొక్కా అందుకుని జేబు తడిమింది. మూడుసార్లు ఆమె కుట్టిన జేబు.

"ఉతికి బీరువాలో పెడతాను. కారులోకి మాత్రం ఇక రాదు."

ఆయన తలూపాడు.

ఎండ వాలాక ఆమె మళ్లీ వెనక సీట్లో కూర్చుంది. రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి చూసింది.

"ఇది మన కారులా లేదండీ," అంది చివరికి, కొంచెం దిగులుగా.

అప్పుడు ఆయనకు వాసన పోయిందని నమ్మకం కుదిరింది.

మర్నాడు పొద్దున అరగంట ముందే టీచరమ్మ గేటు దగ్గరికి వెళ్లాడు. అద్దాలన్నీ దించి మెల్లగా నడిపాడు. ఆవిడ రెండో మలుపు దాటేసరికి తల సీటుకు ఆనించి కునుకు తీసింది. ఆస్పత్రి ముందు నీడ చూసి కారు ఆపాడు. లోపలికి వెళ్లడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇంజను ఆపేసి, ఆవిణ్ణి లేపకుండా కూర్చున్నాడు.